కత్తిపీటకి రాయి కావాలి

వాడరేవులో మీకు ఏదైనా దొరుకుతుంది గానీ రాయి దొరకదు. కావాలంటే ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు వెళితే సముద్రం వస్తుంది, అక్కడినుంచి ఎటు చూసినా ఇసుకే. కుక్క వెంటపడితే విసరడానికి ఒక్క బెడ్డ కూడా కనపడదు. ఉన్న నాలుగు రాళ్ళూ లారీల్లో వచ్చినవే. బల్లికురవ నుంచి బూడిద రంగువి, చీమకుర్తి నుంచి నల్లవి. ఎవరి ప్రహరీకో, మెట్లకో వేయగా మిగిలిపోయిన ముక్కలు.

అలాంటి ఒక నల్ల ముక్క మీదే ఈ గొడవంతా మొదలైంది.

మేం చేపలు కొనేచోట ఒకామె కోసిస్తుంది. మా అమ్మకి ఆవిడ ఇరవై ఏళ్ళ నుంచి తెలుసు, నాకు పిన్ని. వంజరమైనా చందువైనా కానగంతలైనా పొలుసు గీకి, మొప్పలు తీసి, కడుపు శుభ్రం చేసి ముక్కలు చేసి ఇస్తుంది. కిలోకి ఇంత అని తీసుకుంటుంది. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు చూస్తే ఆవిడ చూపుడు వేలికి గుడ్డ కట్టి ఉంది. ఏమైందంటే, "కత్తి మొద్దుబారిపోయింది అబ్బాయా, నొక్కితే జారింది" అంది. పదునైన కత్తికంటే మొద్దు కత్తే ఎక్కువ తెగ్గోస్తుందన్న సంగతి వంటింట్లో నిలబడ్డ ఎవరికైనా తెలుసు. పదునుంటే కత్తి దానంతటదే దిగుతుంది. లేకపోతే భుజం బలమంతా పెట్టి నొక్కాలి, నొక్కేటప్పుడు చేప జారితే తర్వాత అక్కడుండేది వేలే. పిన్నికి వేలు తెగితే రెండ్రోజులు కూలి పోతుంది. ఉప్పునీళ్ళలో చేయి పెట్టే పనాయె, ఆ గాయం తొందరగా మానదు కూడా.

మరి సాన పట్టించుకోవచ్చుగా అన్నాను. సైకిలుకి చక్రం బిగించుకుని తిరిగే సాన మనిషి నెలకో రెణ్ణెల్లకో వస్తాడు. వచ్చినప్పుడు చక్రం మీద జుయ్యిమని పట్టి ఇస్తాడు, నిప్పురవ్వలు భలే ఉంటాయి. కానీ ఆ రవ్వలన్నీ కత్తి ఉక్కే. పిన్ని కత్తిపీట నడుమ భాగం అరిగి అరిగి నెలవంకలా అయిపోయింది. పైగా పొడి చక్రం మీద ఎక్కువసేపు పడితే అంచు వేడెక్కి నీలం రంగుకి తిరుగుతుంది. అలా తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, రెండు రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. మధ్యలో రోజులకి ఆవిడ దగ్గరున్నది అదిగో ఆ నల్ల రాయి ముక్క. చేపకీ చేపకీ మధ్య కత్తికి అటు రెండు ఇటు రెండు రుద్దుతుంది. పట్టుకుని చూశాను. అద్దంలా ఉంది! ఏళ్ళ తరబడి రుద్ది రుద్ది రాయే నునుపెక్కింది, కత్తి మాత్రం అలాగే ఉంది.

ఇంజనీరింగ్ చదివినవాడికి ఇలాంటిది కనపడితే ఊరుకోబుద్ధి కాదు. (చదివింది కంప్యూటర్లే అనుకోండి, రోగం మాత్రం అందరికీ ఒకటే.) నేనే ఒక సానరాయి చేసిస్తాను పిన్నీ అని మాట ఇచ్చేశాను.

హైదరాబాద్ తిరిగొచ్చి ఆఫీసులో ఈ మాట అంటే రెండు రకాల సలహాలొచ్చాయి. ఒకతను వెంటనే ఫోను తీసి జపాన్ రాయి చూపించాడు. క్యోటో చుట్టుపక్కల కొండల్లో తవ్విన సహజమైన రాయట, ధర చూస్తే మా పిన్ని నెల సంపాదన. ఇంకొకతను, "అవన్నీ ఎందుకు, మన పూర్వీకులు ఏ రాయి దొరికితే ఆ రాయి మీద కత్తులు నూరి యుద్ధాలు చేశారు, మన రాళ్ళలోనే ఏదో ఉంది" అన్నాడు. ఇద్దరూ ఇప్పటిదాకా ఒక్క కత్తీ నూరలేదు. మన ఆఫీసుల్లో ఏ చర్చయినా చివరికి ఈ రెండు గట్ల మీదకే చేరుతుందెందుకో! దూరం నుంచి వస్తే గొప్పది, లేకపోతే పాతదైతే గొప్పది. చేతిలో ఉన్న రాయి పనిచేస్తుందా లేదా అని రుద్ది చూసేవాడు మాత్రం ఉండడు.

రుద్ది చూద్దామని నేను కూర్చున్నాను. మూడు నెలల శని ఆదివారాలు ఖర్చయ్యాయి.

ముందుగా, చీమకుర్తి రాయి ఎందుకు పనిచేయలేదు? అది మామూలు రాయి కాదు కదా, ప్రపంచమంతా ఎగుమతయ్యే బ్లాక్ గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భశాస్త్రం లెక్కలో అది గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. అందులో ఎక్కువగా ఉండేది ఫెల్డ్‌స్పార్. మోస్ గారి కాఠిన్యం కొలబద్ద మీద ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర ఉంటుంది. కత్తి ఉక్కు కూడా ఇంచుమించు అక్కడే, ఐదున్నర నుంచి ఆరున్నర. అంటే పోటీ సమానం. ఇక బల్లికురవ రాయి లాంటివాటిలో క్వార్ట్జ్ ఉన్నా, ఆ 7 కాఠిన్యం ఒక్కటే చాలదు. రేణువులు బియ్యపు గింజలంత పెద్దవి, ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోయి ఉంటాయి. కొత్తలో గరుగ్గా కాస్త గీకుతాయి. తర్వాత మొనలు అరిగిపోతాయి, కానీ ఊడిపోవు. అరిగిన రేణువు ఊడకపోతే కింద ఉన్న కొత్త రేణువు పైకి రాదు. రాయి అలా నున్నబడిపోతుంది. పిన్ని చేతిలో నేను చూసిన అద్దం అదే.

నాకు ఇది కాస్త ఎదురుదెబ్బ. గట్టి రాయి అయితే మంచి సానరాయి అనుకున్నాను, మీరూ అనుకునే ఉంటారు. నిజానికి కావలసింది అరిగే రాయి. లోపలి రేణువు ఉక్కుకంటే గట్టిగా ఉండాలి, దాన్ని పట్టుకున్న జిగురు మాత్రం సమయానికి వదిలేసేంత మెత్తగా ఉండాలి. ఎప్పటికీ అరగని రాయి గుడి గడపకి బావుంటుంది, కత్తికి పనికిరాదు.

రెండోది కడప నాపరాయి. మనందరి వంటింట్లో గట్టు మీద ఉండేదే. నున్నగా, బల్లపరుపుగా, సానరాయి అవ్వడానికే పుట్టినట్టుంటుంది. మా ఇంట్లో మిగిలిన ముక్క తీసుకుని పాత చాకు రుద్దితే రాయి మీదే గీతలు పడ్డాయి. ఇది సున్నపురాయి జాతి, అందులోని కాల్సైట్ కాఠిన్యం 3. అమ్మ చిన్నప్పటినుంచీ "గట్టు మీద నిమ్మకాయ పిండొద్దురా, మచ్చ పడుద్ది" అని ఎందుకు అరిచేదో ఇప్పుడు తెలిసింది. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. కాబట్టి మీరెప్పుడైనా దారిన పోయే రాయిని సానకి తెచ్చుకుంటే మొదటి పరీక్ష నిమ్మచెక్క. నురగొచ్చినా మచ్చ పడినా అక్కడే వదిలేయండి. రెండోది మేకు. మేకుతో గీస్తే రాయి మీద గాడి పడకూడదు, మేకు లోహమే రాయికి అంటుకుని బూడిదరంగు గీత రావాలి.

మూడో రాయి దొరికిన తీరు చెప్పి తీరాలి. ఫిబ్రవరిలో ఇంకొల్లు వైపు మా క్లాసుమేటు వాళ్ళ మిరప కల్లానికి వెళ్ళాను. ఎర్రగా పరిచిన కాయల పక్కన, రాత్రి మంచుకి కప్పే పట్టాలు గాలికి ఎగరకుండా చుట్టూ రాళ్ళు పెట్టారు. అందులో రెండు మూడు మిగతావాటిలా లేవు. గోధుమ రంగు, చేత్తో పట్టుకుంటే గరుకు, పంచదార గడ్డలా సన్న పలుకు. ఎక్కడివిరా అంటే పావులూరు దగ్గర ఎవరో బావి తవ్వినప్పుడు తీసినవన్నాడు. ఒకటి అడిగి తెచ్చుకున్నాను. బస్సెక్కే ముందు పంపు దగ్గర కడిగి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. మిరప కల్లంలో రాయి అని మర్చిపోయి! ఆ తర్వాత చీరాల దాకా నా ప్రయాణం ఎలా సాగిందో వర్ణించను.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, పావులూరు పేరు భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉందని. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి కింద ఉన్న గోండ్వానా కాలపు పొరలకి బూదవాడ, వేమవరం, పావులూరు అని మన ఊళ్ళ పేర్లే పెట్టారు. పావులూరుది ఇసుకరాయి. పత్తి, మిరప తప్ప ఇంకేమీ ఉండదనుకునే నేల కింద డైనోసార్ల కాలం నాటి ఇసుక ముద్దకట్టి కూర్చుంది. మనం దాన్ని పట్టాల మీద బరువుకి పెడుతున్నాం.

ఇసుకరాయి అంటేనే సగం సానరాయి. ఇసుక రేణువు క్వార్ట్జ్, అంటే 7. వాటిని పట్టుకున్నది ఇనుపతుప్పు లాంటి జిగురో, సన్నమట్టో. జిగురు మరీ బలహీనమైతే గోటితో గీకినా ఇసుక రాలుతుంది, మరీ బలమైతే గ్రానైట్ కథే. దీన్ని చూడటానికి ఒక తేలికైన దారి ఉంది. రాయి మీద చుక్క నీళ్ళు వేయండి. పీల్చుకోవాలి గానీ ఇంకుడుగుంటలా మింగేయకూడదు. తర్వాత అదే రాయి రెండు ముక్కల్ని తడిపి ఒకదాంతో ఒకటి రుద్దితే కాస్త అడుసు రావాలి. ఆ అడుసుని వేళ్ళ మధ్య నలిపితే గరుకు ఒకే తీరుగా తగలాలి. మధ్యలో ఒక పెద్ద పలుకు గుచ్చుకుంటే ఆ రాయి కత్తి అంచుని పళ్ళూడిన దువ్వెన చేస్తుంది. నా రాయి ఈ పరీక్షలన్నీ పాసైంది. ఒక పక్క పగులు మాత్రం ఉంది, అక్కడిదాకా పగలగొట్టి తీసేశాను.

నాలుగోది మార్కాపురం పలక. ఇది నా తెలివి అని చెప్పుకోవాలనుంది గానీ కాదు. బయటి దేశాల సానరాళ్ళ గురించి చదువుతుంటే జర్మనీలో తురింగియా రాయి, బ్రిటన్‌లో వేల్స్ రాయి అని కనిపించాయి. ఏమిటా అని చూస్తే రెండూ స్లేటే, అంటే పలకరాయే. మనం చిన్నప్పుడు బలపంతో దిద్దిన పలక! అది పాత ప్రకాశం జిల్లా మార్కాపురం నుంచి దేశమంతటికీ వెళ్ళింది. కడప శిలామండలంలో కంభం పొరల్లోది. కోట్ల ఏళ్ళనాటి బురద ఒత్తిడికి గట్టిపడి పొరలు పొరలుగా విడిపోయే రాయి అయింది. అందులో క్వార్ట్జ్ రేణువులు కంటికి కనపడనంత సన్నం, చుట్టూ అభ్రకం జాతి మెత్తటి పొర. లక్షణాలు చూస్తే చివరి మెరుగు పెట్టడానికి సరిపోయే రాయి. చీరాలలో పాత చెక్క చట్రం పలక కోసం మూడు షాపులు తిరిగాను. ఇప్పుడన్నీ ప్లాస్టిక్కువే. చివరికి మా అమ్మమ్మ ఇంట్లో అటక మీద దొరికింది, వెనకవైపు మా మావయ్య పేరు మేకుతో చెక్కి ఉంది. ఆ పలక చాలా పల్చన, సానకి పనికిరాలేదు. మందమైన ముక్క మార్కాపురంలో నేలకి పరిచే పలకలమ్మే చోట, విరిగినవి పడేసిన కుప్పలో దొరికింది. డబ్బులిస్తానంటే నవ్వి తీసుకుపొమ్మన్నాడు.

ఇక రాయిని సానరాయిగా మార్చే పని. ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పొకటి చెప్పాలి. మొదటివారం తొందరపడి కటింగ్ మిషను అద్దెకి తెచ్చి, డాబా మీద ఇసుకరాయిని పొడిగా కోయడం మొదలుపెట్టాను. అయిదు నిముషాల్లో తెల్లటి దుమ్ము. నా కనుబొమ్మలు, ఆరేసిన బట్టలు, పక్కింటివాళ్ళ వడియాలు అన్నీ తెల్లబడ్డాయి. అమ్మ అరిచింది వడియాల గురించి. నేను భయపడాల్సింది మాత్రం ఊపిరితిత్తుల గురించి. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్ అనే చోట బలపాలు కోసే పరిశ్రమ ఉండేది. పొడి రాయిని మిషన్లతో కోసిన కార్మికుల్లో సిలికోసిస్ ఎంత దారుణంగా ఉందో 1980ల్లో అక్కడ జరిగిన వైద్య పరిశోధనలు బయటపెట్టాయి. పడుచువాళ్ళే ఊపిరాడక పోయారు. మనం నోట్లో పెట్టుకుని కొరికిన బలపం వెనక ఇంత కథ ఉందని నాకు ముప్పయ్యేళ్ళు దగ్గరపడ్డాక తెలిసింది. క్వార్ట్జ్ దుమ్ము లోపలికి పోతే తిరిగి బయటకి రాదు, మందు లేదు. యూట్యూబులో రాయి కోసే వీడియోల్లో సగం మంది మూతికి గుడ్డ కూడా కట్టుకోరు. సరదాకి చేసే పనే కదా అని మీరు ఆ తప్పు చేయొద్దు. రాయిని తడిపే రుద్దండి, నీళ్ళలోనే రుద్దండి. చేత్తో రుద్దితే ఆలస్యమవుతుంది, అవ్వనివ్వండి.

నేను మిషను తిరిగిచ్చేసి, వాడరేవు నుంచి బకెట్టు ఇసుక తెచ్చుకున్నాను. రాయి లేని ఊరు ఇక్కడ పనికొచ్చింది! మన కోస్తా ఇసుకలో క్వార్ట్జ్‌తో పాటు అక్కడక్కడ ఎర్రటి గార్నెట్ రేణువులు కూడా ఉంటాయి. గరుకు కాగితాల మీద అతికించే గార్నెట్టే. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, జల్లించి, దొడ్లో గచ్చు మీద పోసి నీళ్ళు చల్లి దాని మీద రాయిని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. పెన్సిలుతో రాయి మీద గళ్ళు గీసుకోవాలి. గీతలు చెరిగినచోట ఎత్తు, మిగిలినచోట పల్లం. అన్ని గీతలూ ఒకేసారి చెరిగే దాకా రుద్దాలి. చివర్లో వాటర్ పేపరు వాడాను, 80 నంబరు, 120, 220. ఆ పేపరు అతికించడానికి బల్లపరుపు చెక్క కోసం వెతుకుతుంటే బ్లాక్ గెలాక్సీ ముక్క గుర్తొచ్చింది. కత్తికి పనికిరాని ఆ పాలిష్ రాయంత చదునైన పీట ఇంకెక్కడా దొరకదు. కొలతల లాబుల్లో గ్రానైట్ బల్లలు వాడేది అందుకే. మార్టూరు ఫ్యాక్టరీల్లో పాలిష్ పట్టిన ముక్కలు కుప్పల్లో ఊరికే పడి ఉంటాయి, సాన చేసుకునేవాళ్ళకి అంతకంటే మంచి పనిముట్టు లేదు.

అలా మూడు ఆదివారాల్లో ఇసుకరాయి ఒక ముఖం తయారైంది. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, రెండు కిలోల బరువు. మూల మీద నీళ్ళచుక్క పెడితే కదలదు. ఎంత ముచ్చటపడ్డానంటే దానికి చెక్క చట్రం కూడా చేయించాను.

తీసుకెళ్ళి పిన్ని ముందు పెట్టాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "బానే ఉంది గానీ అబ్బాయా, ఇప్పుడు నేను కత్తిపీట యెత్తి దీని మీద రుద్దాలా?" అంది. పక్కన కూర్చున్న ముగ్గురూ నవ్వారు.

నేను చదివిన ప్రతిదాంట్లో, చూసిన ప్రతి వీడియోలో రాయి కింద ఉంటుంది, కత్తి చేతిలో ఉంటుంది. అలా నూరేది చాకుని. మన కత్తిపీట కాలికింద ఉంటుంది, కత్తి నిలబడి ఉంటుంది, కదిలేది రాయి. లోపలికి వంగిన కత్తికి జానెడు పొడుగు బల్లపరుపు రాయి తగిలేది రెండు మూలలే. ఆవిడకి కావలసింది సబ్బుబిళ్ళంత రాయి, చేపకంపు చేత్తో పట్టినా జారనిది, ఒక అంచు గుండ్రంగా ఉన్నది. మూడు వారాలు నేను పల్లం లేని రాయి కోసం ప్రాణం తీసుకున్నాను, ఆ కత్తికి గుండ్రటి రాయే కావాలి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే వాడేవాళ్ళని అడక్కుండా కట్టేశాను. నెలకోసారి మీటింగుల్లో ఇతరులకి చెప్పే నీతే ఇది.

ఆ రాయినే పగలగొట్టాను (చట్రం డబ్బులు దండగ). దాంట్లోంచి సబ్బుబిళ్ళంతది ఒకటి, పలకరాయి నుంచి ఒకటి చేసుకుని ఈసారి పిన్ని ముందే కూర్చుని రుద్దాను. మనవాళ్ళకి లెక్కలు కావాలి కాబట్టి నా లెక్కలు చెబుతున్నా. టమాటా తొక్కని నొక్కకుండా కోస్తే పాసు. బాగా మొద్దుబారిన కత్తి గ్రానైట్ మీద ఎంతసేపటికీ పాసవలేదు. పలకరాయి ఒక్కదానితో ఇరవై నిముషాలు రుద్ది నేనే ఆపేశాను, మరీ సన్న రాయి మొద్దు అంచుని కదిలించలేదు. ఇసుకరాయితో ఎనిమిది నిముషాలు పట్టింది. దాని తర్వాత పలకరాయితో మూడు నిముషాలు మెరుగు పెడితే టమాటా మీద కత్తి ఆనించగానే దిగింది. చీరాల హార్డువేరు షాపులో కొన్న కార్బొరండం రాయి? రెండు నిముషాలు.

అవును, రెండే నిముషాలు. ఏమాటకామాట చెప్పుకోవాలి. సిలికాన్ కార్బైడ్ కాఠిన్యం 9 పైన. 1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన వజ్రాలు చేయబోయి దీన్ని చేశాడు. కార్బనూ కొరండమూ కలిసిందనుకుని కార్బొరండం అని పేరు పెట్టాడు. అందులో కొరండం అన్న మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది మన దక్షిణాది భాషల నుంచే. తమిళంలో కురుందం, మనకి కురువిందం. కురువిందం పొడిని లక్కతో ముద్దచేసి సానచక్రాలు తయారుచేసుకోవడం మన దేశంలో రత్నాలు చెక్కేవాళ్ళకీ ఆయుధాలు చేసేవాళ్ళకీ పాత విద్య. రేణువు గట్టిది, జిగురు మెత్తది. నేను మూడు నెలలు తంటాలు పడి తెలుసుకున్న సూత్రమే. కాబట్టి పూర్వీకులు ఏ రాయి దొరికితే ఆ రాయి మీద నూరారన్న మా ఆఫీసు మిత్రుడి మాట వాళ్ళని పొగడటం కాదు, తక్కువ చేయడం. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగపు నునుపు గొడ్డళ్ళు దొరికాయి. రాతిని రాతి మీద అరగదీసి అంచు తెచ్చినవాళ్ళకి ఏ రాయి దేన్ని అరగదీస్తుందో తెలియకుండా ఆ పని జరగదు. వాళ్ళూ నాలాగే రుద్ది చూసి వదిలేసిన రాళ్ళు బోలెడు ఉండి ఉంటాయి.

అయితే జపాన్ రాయి మిత్రుడు గెలిచినట్టా? అదీ కాదు. పిన్ని కత్తి లారీ కమాను పట్టీతో మన కమ్మరి కొలిమిలో కొట్టింది. దానికి అంత సున్నితమైన రాయి వాడితే రాయి పోతుంది గానీ కత్తికి వచ్చే లాభం ఏమీ లేదు. ఆ రాళ్ళు ఆ ఉక్కుకి, ఆ వంటకి పుట్టాయి.

ఇక్కడ పిన్ని మాటే చివరిమాట. రెండు వారాలు మూడు రాళ్ళూ ఆవిడ దగ్గరే వదిలేశాను. కార్బొరండం తొందరగా పదునిస్తుంది గానీ అంచు మరీ గరుగ్గా ఉండి చందువ తోలు పీకుతోందట, పైగా కత్తిని తినేస్తోందంది. వారానికోసారి దాన్ని తీస్తుంది. రోజూ చేపకీ చేపకీ మధ్య వాడేది ఇసుకరాయి. నీళ్ళ తొట్టిలోనే పడి ఉంటుంది, తీసి నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ తొట్టిలో వేస్తుంది. అరుగుతోంది కూడా, బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం పడింది. మరి నేను మార్కాపురం దాకా పోయి తెచ్చిన పలకరాయి ఏదీ అని అడిగాను. "అదా, మనవరాలు యెత్తకపోయింది. బలపం కొనిచ్చా, దాని మీద బొమ్మలేసుకుంటంది" అంది.

వేలికి కట్టు లేదు. సాన చక్రం మనిషి కోసం ఎదురుచూడటం తగ్గిందంది. పక్కన కోసే ముగ్గురికి కూడా కావాలట ఇలాంటి రాయి. నా దగ్గర పగలగొట్టినదాంట్లో ఒక్క ముక్కే మిగిలింది, అది ఒకావిడకి ఇచ్చాను. మిగతా ఇద్దరికీ ప్రస్తుతానికి షాపులో కార్బొరండం కొనిచ్చి, మెల్లగా రుద్దమని చెప్పాను. కల్లాలు మళ్ళీ మొదలయ్యాక ఇంకొల్లు వెళ్ళాలి. ఈసారి కళ్ళు తుడుచుకోకుండా.